కళ్యాణి కొలతల చొక్కాలు

దేవ్లా తండాలో ఉత్త బాబూరావు అంటే ఎవరూ పలకరు. అక్కడ బాబూరావులు నలుగురు. ఒకాయనకు మేకలు, ఒకాయనకు ట్రాక్టరు, ఇంకొకాయనకు నడుంనొప్పి. మిగిలినవాడు కంప్యూటర్ బాబూరావు. ములకలపల్లి వైపు పోయే బస్సులో ఏ ముసలమ్మను కదిలించినా, "అవ్, ఆ పిలగాడా? వేలితోటి ఒక్కటి గుద్దితే జిల్లా మొత్తం కనపడతదంట గదా ఆయనకు!" అనేది. ఈ మాట ఎవరు పుట్టించారని పెద్దగా వెతకక్కర్లేదు. బాబూరావే.

మనిషి చెడ్డవాడేం కాదు. కొత్తగూడెంలో డిగ్రీ చదివాడు. చదివాడంటే, వెళ్లాడు. రెండు పేపర్లు ఇంకా అక్కడే ఉన్నాయి. తిరిగొచ్చి అన్న రాందాస్ ఆటోలో ముందు సీటు మీద కూర్చుని అడవి వైపూ ఊరి వైపూ తిరుగుతుంటే, వదిన సరళే చూడలేక మహిళా సంఘాల ఆఫీసులో మేడంకు చెప్పి ఆపరేటర్‌గా పెట్టించింది. మొదటిరోజు వేసుకుపోయిన తెల్లచొక్కా కూడా ఆమె కుట్టిందే. అంత బాగా కుదిరిందంటే, ఆ చొక్కాలో బాబూరావును చూసి కలెక్టరేట్ నుంచి ఎవరో వచ్చారనుకుని ఆఫీసులో కుర్చీలు తుడిచారట.

అక్కడితో ఆగి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ ఆఫీసులో ఫ్యాను కింద కూర్చునే కొద్దీ అతని మెడ నిటారుగా అయింది. జేబుకు పెన్ను పెట్టుకునేవాడు, దాంతో రాసిన పాపాన పోలేదు. మౌసును కోడిగుడ్డు పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకునేవాడు. అన్నం తినేటప్పుడు ఫోన్లో వీడియోలు పెట్టుకునేవాడు. ఎక్సెల్‌లో నాలుగు లైన్ల కోడ్ రాసి బటన్ నొక్కితే పది రోజుల పని అరక్షణంలో అయిపోతుందని ఎవరో కుర్రాడు చెబుతుంటే, పప్పు వేలికి అంటుకుని ఎండిపోయేదాకా అలాగే చూస్తుండేవాడు.

ఇక సరళ. దేవ్లా తండా కుట్టు సెంటర్ ఆమెదే అనాలి. సర్కారు బళ్ల పిల్లలకు ఏటా యూనిఫాం బట్టలు కుట్టే పని సంఘం ఆడవాళ్లకు వస్తుంది. ఆమె, పూలి, ఇంకో పదిమంది టేపులు మెడలో వేసుకుని బడిబడికీ పోయి కొలతలు తీసుకునేవారు. నోట్‌బుక్కుల్లో రాసుకొచ్చి, ఒక బడి పుస్తకం ముగించాకే ఇంకో బడి పుస్తకం తెరిచేవారు. మిషన్ నూనె మరకలూ, టీ మరకలూ, పూలి నమిలే తమలపాకు మరకలూ ఆ పుస్తకాల నిండా ఉండేవి. అయినా ఏ పిల్లాడి చొక్కా ఎప్పుడూ తేడా రాలేదు.

ఈ ఏడు జూన్‌లో బాబూరావు సెంటర్‌కు వచ్చి ఆ పుస్తకాలను రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు. చచ్చిన ఎలుకను తోక పట్టి ఎత్తినట్టు.

"ఇంకా ఏ కాలంలో ఉన్నరు వదినా? ఇవన్నీ నాకియ్యిండ్రి. ఒక్క బటన్ జేస్తా. నొక్కితే అన్ని బళ్ల కొలతలు వరసబెట్టి వస్తయ్."

"మాకైతే గిట్ల అలవాటైంది గదా బాబూ," అంది సరళ.

"అలవాటు మార్చుకోవాలె."

పూలి మిషన్ ఆపి, "ఆ బటన్ చొక్కాకు కుట్టేదా, ప్యాంటుకు కుట్టేదా మర్దీ?" అంది. అందరూ నవ్వారు. బాబూరావు నవ్వలేదు. పెద్దవాళ్లయ్యాక కొంతమందికి నవ్వు తగ్గుతుంది; అతనికి ఫ్యాను కిందికి వెళ్లాక తగ్గింది.

చేశాడు మరి. పుస్తకాల్లోని కొలతలన్నీ ఎక్కించాడు. ఫైలు ఒకటే, అందులో బడికో షీటు. నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్ ఉంటుంది కదా, అన్నీ ఒకే కొలత గిన్నెలు, లోపలున్న కూర వేరు. అలాగే అన్ని షీట్లూ ఒకే తీరు. రెండో నిలువు వరసలో పిల్లల పేర్లు, ఆ పక్క వరసల్లో చాతీ, పొడుగు, చెయ్యి, నడుము. ఇవన్నీ పోగేసి చివర్లో ‘కటింగ్’ అనే షీటులో పెట్టమని కోడ్ రాశాడు.

ఫైలు ఎప్పుడు తెరిచినా బాబూరావు ముందు దేవ్లా తండా బడి షీటులోకే పోయేవాడు. పనుండి కాదు. అందులో మొదటి పేరు కళ్యాణిది. సరళ కూతురు, మూడో తరగతి, బాబాయి ఆఫీసు నుంచి వస్తుంటే సైకిల్ మోగిందో లేదో వీధి మలుపుదాకా ఉరికే పిల్ల. ఆ పేరును అద్దంలాంటి కంప్యూటర్లో చూసుకోవడం అతనికి ముచ్చట. అది చూసుకున్నాకే మిగతా పని.

బటన్ నొక్కిన రోజు మేడం నిర్మలాదేవి పక్కనే నిలబడింది. వైరా వైపు పెద్ద వ్యవసాయం ఇంటి మనిషి ఆవిడ. పొలం గట్టు మీద నిలబడ్డట్టే ఆఫీసులో నిలబడుతుంది. బటన్ నొక్కాడు. కటింగ్ షీటు పై నుంచి కిందికి నిండిపోయింది. కళ్యాణి ఎదురుగా ఏముందో చూశాడు. చాతీ ఇరవై నాలుగు. సరిగ్గా ఉంది. ఇంకేం చూడలేదు. మేడం, "భలేవాడివయ్యా!" అంది. ఆ ఒక్క మాటకు బాబూరావు రెండంగుళాలు పొడుగయ్యాడని ఆఫీసులో చెప్పుకున్నారు. ఆ రోజే నోట్‌బుక్కుల్ని గోతాంలో వేసి మూతి కట్టించి పాత కాగితాలకు అమ్మించాడు.

ఇక చిట్టీలు వచ్చాయి. చిట్టీ మీద బడి గుర్తు, పిల్లాడి నంబరు, నాలుగు కొలతలు. పేరూ తరగతీ ఎందుకు, గుడ్డకు పేరుతో పనేంటి అన్నాడు. దాన్ని గుడ్డకు పిన్ను కొట్టి కత్తిరించడం, కత్తిరించాక పొయ్యిలో వెయ్యడం.

హైస్కూల్ కట్ట మొదలుపెట్టిన రోజు సరళ చిట్టీ చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. బాబూరావు రాగానే అడిగింది.

"బాబూ, హైస్కూలోల్లకు ఇరవై నాలుగు చాతీ ఏంది? నాకు గుర్తున్నకాడికి ఆ పిలగాండ్లు తాటిచెట్ల లెక్క ఉన్నరు."

పదిమంది ఆడవాళ్లు తలలెత్తారు. అక్కడ బాబూరావు ఫైలు ఒకసారి చూసొస్తానంటే సరిపోయేది. ఆ మాట అతని నోట్లోంచి రాలేదు. వచ్చింది ఇది:

"వదినా, నీ పని టేపు, నా పని కంప్యూటర్. నువ్వు కొలిచిందే అది చెప్తది. అనుమానముంటే టేపు పట్టుకున్నప్పుడు ఉండాలె, ఇప్పుడు గాదు."

ఎత్తిన తలలు మళ్లీ మిషన్ల మీదికి వంగాయి. పూలి తల కూడా. సరళ మొహం కొంచెం ఎర్రబడింది. చిట్టీ గుడ్డకు గుచ్చి కత్తెర అందుకుంది.

ఆగస్టు పదిహేనుకు ముందురోజు హైస్కూల్లో బట్టలు పంచారు. బాబూరావు ఫోటో కోసం తల దువ్వుకుని మరీ పోయాడు. హెడ్‌మాస్టర్ వెంకటప్పయ్య సారు నాలుగు మంచి మాటలు చెప్పి, పిల్లల్ని గదుల్లోకి పంపి కొత్త బట్టలు వేసుకుని రమ్మన్నాడు. పోయినవాళ్లు రాలేదు. సారు గంట కొట్టించాడు. అయినా రాలేదు. లోపల్నుంచి టపటపమని చప్పుళ్లు. బొత్తాలు.

చివరికి శ్రీను అనేవాడు బయటికొచ్చాడు. పదో తరగతి, వాలీబాల్ ఆడితే బంతికంటే ముందు వాడి చెయ్యి నెట్టు దాటుతుంది. వాడి చొక్కా బొడ్డు దగ్గరికి కూడా రాలేదు. చేతులు మోచేతుల పైనే ఆగిపోయాయి. ప్యాంటు మోకాలు దాటనంది. ఊపిరి పీలిస్తే ఉన్న ఒక్క బొత్తామూ పోతుందని వాడు ఊపిరి ఆపి నడిచాడట. మైదానమంతా పడీపడీ నవ్వింది. తుమ్మచెట్ల మీది కోతులు కూడా దూకి పారిపోయాయని చెప్పేవాళ్లున్నారు.

ఆడపిల్లల గది తలుపు మాత్రం తెరుచుకోలేదు. టీచరమ్మ లోపలికి పోయి వచ్చి, "వాళ్లు ఏడుస్తున్నారు సార్, పాత బట్టలతోనే ఉంటారట," అని మెల్లగా చెప్పింది. దానితో నవ్వులు ఆగిపోయాయి.

వెంకటప్పయ్య సారు బట్టల మూటలతో వచ్చి నిలబడ్డ సరళ వైపు తిరిగాడు. "గుడ్డ చాలకపోతే చెప్పాల్సిందమ్మా. ఎలాగోలా మేమే చూసేవాళ్లం. పిల్లల్ని ఇట్లా నిలబెట్టడం దేనికి?"

సరళకు ఆ దెప్పిపొడుపు ముందు అర్థం కాలేదు. శ్రీను విప్పిచ్చిన చొక్కాను తిరగేసి, కుట్టు మీద వేలు పెట్టి చూస్తోంది. కుట్టు ఆమెదే. "సార్, ఇది మా కళ్యాణికి సరిపోయేటట్టు ఉన్నది," అంది, ఆశ్చర్యంగా, తనలో తనే అనుకున్నట్టు.

"అవునేమో. ఇంట్లో పిల్లని చూసుకునే కుట్టినట్టున్నారు. మిగిలిన గుడ్డ కూడా ఇంట్లోనే ఉండాలి మరి," అన్నాడు సారు.

అందరూ విన్నారు. బాబూరావు విన్నది మాత్రం ‘కళ్యాణి’ అన్న పేరు ఒక్కటే. ఫోటో సంగతి మర్చిపోయి సైకిల్ ఎక్కాడు.

ఆఫీసులో ఎవరూ లేరు. ఫైలు తెరిచాడు. అలవాటు ప్రకారం దేవ్లా తండా షీటు ఎదుటికి వచ్చింది. బటన్ నొక్కి, కటింగ్ షీటులో శ్రీను పేరు వెతికాడు. చాతీ ఇరవై నాలుగు. కళ్యాణిది ఇరవై నాలుగు. పొడుగు, చెయ్యి, నడుము, అన్నీ కళ్యాణివే. ఇంకో తండా బడి షీటు తెరిచి పెట్టి మళ్లీ నొక్కాడు. ఈసారి శ్రీను కొలతలు ఆ బడిలో మొదటి పిల్లాడివి. ఏ షీటు ఎదురుగా ఉంటే ఆ షీటు కొలతలే మండలంలోని బళ్లన్నిటికీ!

కోడ్ చూశాడు. పేర్లు తీసుకునే లైను వీడియోలో చూసి దించాడు కనుక అందులో షీటు పేరు ఉంది. కొలతల లైను సొంతంగా రాసింది. సీ నాలుగు నుంచి ఎఫ్ అరవై దాకా గళ్లు తీసుకో అన్నాడే గానీ, ఏ షీటులోవో చెప్పలేదు. తండాలో బోరింగు దగ్గరికి పోయి పేరు పెట్టకుండా ‘వదినా, బిందె జరుపు’ అని అరిస్తే, ఎదురుగా ఉన్న వదినే జరుపుతుంది. అక్కడ అందరూ వదినలే, పేరు పెట్టి పిలవడం మర్యాద కాదు కూడా. కంప్యూటరూ అదే చేసింది. ‘ఎవరిది?’ అని అడగలేదు. ఎదురుగా ఉన్నదాంట్లోంచి తీసి ఇచ్చేసింది. తండా బడిలో పిల్లలు కిక్కిరిసి ఉంటారు, హైస్కూల్లో సగం మంది హాస్టళ్లకు పోయారు కనుక ఒక్క గడి కూడా ఖాళీగా మిగలక ఎవరికీ అనుమానం రాలేదు. మిగతావన్నీ చిన్నపిల్లల బళ్లే. అక్కడ చొక్కాలు కాస్త బిగుతు, కాస్త వదులు. ఎవరూ నోరెత్తలేదు.

లైను ముందు షీటు పేరు తగిలించాడు. నొక్కాడు. శ్రీను చాతీ ముప్పై నాలుగు.

ఇక లేచి సెంటర్‌కు పోయి, "వదినా, తప్పు నాది," అంటే అయిపోయేది. సైకిల్ ఎక్కాడు కూడా. సెంటర్ దగ్గరికి వచ్చేసరికి లోపల పదిమంది గొంతులు వినిపించాయి. ‘నీ పని టేపు, నా పని కంప్యూటర్’ అన్నది ఆ పదిమంది ముందే. సైకిల్ దానంతటదే ముందుకు పోయినట్టు పోయింది. తప్పు సరిచేశాను కదా, ఇంకెప్పుడూ రాదు కదా అనుకున్నాడు. మనసుకు ఆ మాట ఒకటికి పదిసార్లు చెప్పుకున్నాడు, అది వినలేదు.

ఈలోగా మాటకు కాళ్లొచ్చాయి. హైస్కూల్ గేటు దగ్గర అది చొక్కాకు జానెడు గుడ్డ మిగుల్చుకున్నారన్న మాట. సంత దగ్గరికి చేరేసరికి ఒక పూర్తి తాను గుడ్డయింది. బస్సెక్కి తల్లాడలో దిగేసరికి సరళ వైరాలో బట్టలకొట్టు తెరిచిందని, రిబ్బను కత్తిరించడానికి కుట్టు కత్తెరే వాడిందని చెప్పుకున్నారు. తల్లాడ దగ్గరే సరళ పుట్టిల్లు. అక్కడినుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, ఏంది కథ?" అని అడిగాడు. సరళ ఫోన్ పెట్టేసి బావి గట్టు మీద కూర్చుండిపోయింది.

ఆ సాయంత్రం బాబూరావు ఇంటికి వచ్చేసరికి కళ్యాణి చేతులు చాచి నిలబడి ఉంది. సరళ ఆ పిల్లకు టేపు పెట్టి కొలుస్తోంది. తర్వాత రాందాస్‌ను నిలబెట్టి కొలిచింది. తర్వాత టేపును నేల మీద పరిచి, పక్కన కళ్యాణి బడి స్కేలు పెట్టి, అంగుళం అంగుళం పోల్చి చూసింది.

"ఏంజేస్తున్నవే?" అన్నాడు రాందాస్.

"టేపు సాగిందేమో చూస్తున్న." తర్వాత మరిది వైపు తిరిగింది. "బాబూ, నిజం చెప్పు. నేను కొలిచేకాడనే తప్పు కొలిచిననా? పదేండ్ల సంది కొలుస్తున్న. కండ్లు గిట్ల పోయినయా నాకు?"

అప్పటికే అతను అన్నానికి కూర్చున్నాడు. బాబూరావు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అది నమిలేదాకా జవాబు చెప్పనక్కర్లేదు. ఆ ముద్దను నమిలినంతసేపు ఎవరూ దేన్నీ నమిలి ఉండరు. మింగక తప్పలేదు.

"ఏమో వదినా," అన్నాడు.

సరళ తలూపి, స్కేలు తీసి కళ్యాణి సంచిలో పెట్టింది. అన్నం అడుగంటిందా అన్నట్టు బాబూరావు కంచంలోకి చూస్తూ ఉండిపోయాడు. ఆమె రెండోసారి వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

మంగళవారం సంఘం మీటింగు. కుట్టు పని ఈ సెంటర్ నుంచి తీసేసి పట్నం కాంట్రాక్టరుకు ఇవ్వాలా అన్నది ఆ రోజు తేలాలి. పని పోవడం ఒకెత్తు. దొంగతనం చేసి పని పోగొట్టుకున్నదన్న పేరు ఇంకో ఎత్తు. ఆ పేరుతో సరళ తండాలో ఎట్లా తలెత్తుకు తిరుగుతుంది? బాబూరావు పొద్దున్నే మేడం దగ్గరికి పోయి చెవిలో చెప్పి బయటపడదామనుకున్నాడు. పోయేసరికి మేడం గదిలో వెంకటప్పయ్య సారు కూర్చుని టీ తాగుతున్నాడు. గుమ్మం దగ్గర్నుంచే వెనక్కి తిరిగాడు.

హాలు నిండింది. సరళ ముందు నిలబడింది. బల్ల మీద శ్రీను చొక్కా ఉంది. గోడ మీద టీవీకి కంప్యూటర్ తగిలించి ఉంది.

"ఫైలు తెరువు బాబూరావ్," అంది మేడం.

తెరిచాడు. కటింగ్ షీటు గోడ మీద వెలిగింది. మేడం వేలితో చూపించింది. "ఇదిగోండి, శ్రీను, చాతీ ముప్పై నాలుగు. కొలతలు ఎంత చక్కగా ఉన్నాయో అందరూ చూడండి. కంప్యూటర్ ముప్పై నాలుగు అంటే చొక్కా ఇరవై నాలుగు వచ్చింది. మధ్యలో గుడ్డ ఎక్కడికి పోయిందమ్మా సరళా?"

తప్పును దిద్దేశానని అనుకున్నాడు బాబూరావు. ఆ దిద్దిన షీటే ఇప్పుడు వదిన మెడకు చుట్టుకుంది. తప్పు తప్పుగానే ఉంచి ఉంటే, కనీసం గోడ మీద అదైనా కనపడేది.

సరళ టీవీ వైపు చూసింది. ఆ అంకె వైపు, తర్వాత బాబూరావు వైపు. చిట్టీలో తను చదివింది ఇది కాదని ఆమెకు తెలుసు. అతనికీ తెలుసని ఆమెకు అప్పుడే తెలిసింది. చూపు తిప్పి బల్ల మీది చొక్కాను సర్దింది. తిట్టి ఉంటే అతనికి తేలికగా ఉండేది.

"మేడం," అన్నాడు బాబూరావు. "పొరపాటు జరిగింది మేడం."

"విన్నారా? సొంత మరిదే ఒప్పుకుంటున్నాడు," అంది మేడం సరళ వైపు తిరిగి. హాలంతా అటే తిరిగింది. ఎదురుగా నిలబడింది ఆమె కదా! వెంకటప్పయ్య సారు నాలుక చప్పరించాడు.

"కాదు మేడం! వదినది గాదు. నాది. బాబూరావుది. నేనే జేసిన."

"వదిన్ని వెనకేసుకొస్తున్నావా?"

నోటితో చెబితే నమ్మరని అర్థమైంది. కోడ్ తెరిచాడు. అందరూ చూస్తుండగా, తను తగిలించిన షీటు పేరును తీసేశాడు. దేవ్లా తండా షీటును ఎదుటికి తెచ్చి బటన్ నొక్కాడు. గోడ మీద శ్రీను చాతీ ఇరవై నాలుగైంది. పదో తరగతి ఆడపిల్లల చాతీలు ఇరవై మూడూ, ఇరవై రెండూ అయ్యాయి. ఎందుకిట్లా అవుతుందో చెప్పాడు. చెబుతుంటే తన మాటలు తనకే వేరేవాడి మాటల్లా వినిపించాయి. ఇదే కోడ్ గురించి సైకిల్ మీద పోతూ వచ్చేపోయే ప్రతివాడికీ ఎన్ని గొప్పలు చెప్పాడో, అవన్నీ ఒక్కొక్కటిగా చెవుల్లోకి వచ్చాయి.

ముందుగా మాట్లాడింది పూలి. "అంటే మా తండా పిల్లల కొలతలు మండలమంతా తొడుక్కున్నదా! సొంత తండా మీద పావురం, ప్రేమ ఉండొచ్చు గానీ మర్దీ, మరీ గింతనా?"

హాలు భళ్లుమంది. కుర్చీలు విరిగాయని కూడా అన్నారు, అంత లేదు, ఒక్క కుర్చీ కోడు ముందే విరిగి ఉంది. బాబూరావు ఆ నవ్వుకు చచ్చిపోలేదు. నిజానికి ఆ నవ్వు కాస్త చల్లగానే తగిలింది. అతను చచ్చిపోయింది, ఆ తర్వాత మేడం అడిగినదానికి.

"ఇది నీకెప్పుడు తెలిసింది?"

"బట్టలు పంచిన్నాడే, మేడం."

"ఆ రోజే సరిచేశావా?"

"అవ్."

"సరిచేసి, నోరు మూసుకుని, ఈవిడని ఇక్కడ నిలబెట్టించావు?"

ఎవరూ నవ్వలేదు. బాబూరావు తల ఊపాడు. కుట్టు సెంటర్ ఆడవాళ్ల వైపు చూడలేక నేల వైపు చూశాడు. సిమెంటు నెర్రెలో చీమలు పోతున్నాయి, వాటిని చూస్తూ నిలబడ్డాడు.

వెంకటప్పయ్య సారు లేచి, "అమ్మా, నేను తొందరపడి ఒక మాట అన్నాను," అన్నాడు. సరళ చేతులు జోడించింది. మేడం పని సెంటర్‌లోనే ఉంటుందని, హైస్కూల్ బట్టలు మళ్లీ కుట్టాలని, ఈ చిన్న చొక్కాలు సైజు సరిపోయిన బళ్లకు పోతాయని గబగబా చెప్పేసింది. చిట్టీల కాగితం మీద తనూ సంతకం పెట్టిందన్న సంగతి అప్పుడే గుర్తొచ్చినట్టుంది, ఆవిడ గొంతులో కూడా గట్టు మీది దర్జా తగ్గింది.

బాబూరావు వెనక నుంచి వెళ్లిపోదామని చూశాడు. గుమ్మం దగ్గర సరళ శ్రీను చొక్కాను మడతపెడుతోంది.

"వదినా..."

ఆమె మడత పూర్తి చేసింది. "రేపు పొద్దుగాల హైస్కూల్‌కు రాండ్రి, ఆపరేటర్ గారూ. కొలతలు నేను చెప్తా, మీరే రాయాలె."

ఇన్నేళ్లలో ఆమె అతన్ని ‘బాబూ’ అని తప్ప పిలవలేదు. ‘నువ్వు’ తప్ప అనలేదు. బయటికొచ్చాక రాందాస్ ఆటో ఆపి ఎక్కమన్నాడు. బాబూరావు నడిచొస్తానన్నాడు. తండాదాకా నడిచాడు, దారిలో అడ్డొచ్చిన మేకలకు కూడా పక్కకు తప్పుకున్నాడు.

మర్నాడు పోయాడు. జేబులో పెన్ను మొదటిసారి పనికొచ్చింది. హైస్కూల్ వరండాలో సరళ ఆడపిల్లల్ని ముందు గదిలోకి తీసుకుపోయి తలుపేసుకుంది. అతను గడప బయట గోడకు తిరిగి కూర్చుని, ఆమె లోపల్నుంచి చెబుతుంటే రాశాడు. పేరు, తరగతి, కొలత. ఒక్కొక్క పేరూ రెండుసార్లు అడిగాడు. లోపల ఎవరో పిల్ల, "ఈయననేనా అక్కా?" అని అడగడం, ఇంకొకరు ఆ పిల్లను ఊరుకోమనడం వినపడింది. సరళ తర్వాతి అంకె చెప్పింది.

మగపిల్లల వరస వచ్చింది. "పొడుగు మీరు కొల్వండ్రి, నాకు నడుం పట్టింది," అని సరళ టేపు చేతికిచ్చింది. శ్రీను ముందు నిలబడ్డాడు. బట్టలు పంచిన రోజు ఊపిరి ఆపి నడిచినవాడు ఇవాళ ఛాతీ పొంగించి, చేతులు రెండు వైపులా చాచాడు.

"అన్నా, ఈసారి నా కొలతే రాస్తవా, మల్ల చిన్నపాపదా?"

వరసలో ఉన్నవాళ్లంతా ఒకళ్ల మీద ఒకళ్లు పడ్డారు. బాబూరావు టేపు విప్పాడు. నడుము దగ్గర టేపు పెట్టి, దాన్ని జార్చుకుంటూ వాడి మడమల దాకా వంగాడు. అంకె కనపడుతూనే ఉంది. అయినా అలాగే వంగి ఉన్నాడు.

"ఎంతొచ్చింది?" అని పై నుంచి సరళ గొంతు.

చెప్పాడు.

"సరే. లేవండ్రి ఇగ, ఎనక ఇంక మస్తుమంది ఉన్నరు."